మూడు దెబ్బలకు జవాబు

మంగళవారం. ఉదయం 8.20.

కోరింగ ఏటి ఒడ్డున ఉన్న షెడ్డు తలుపు తీసిన మల్లేశ్వరరావు మొదట చూసింది ఓడని. తర్వాత చూసింది శవాన్ని.

ఓడ ముప్పై అడుగుల పొడవు. టేకు. పైన బూడిదరంగు పెయింట్. పది కొయ్య ఫిరంగులు. నూట పదేళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు కట్టుకున్న ‘కింగ్ ఆల్‌డ్రెడ్’ అనే యుద్ధనౌకకి అచ్చుగుద్దిన నమూనా. తన రిసార్ట్‌లో పెట్టుకుందామని మల్లేశ్వరరావు ముచ్చటపడి కట్టించుకున్నాడు. ఆ రోజే 10.40కి, పోటు నిండుగా ఉన్నప్పుడు, దాన్ని ఏట్లోకి దించాలి.

శవం ఆ ఓడని కట్టిన వీరబ్రహ్మానిది. డెబ్భై రెండేళ్ళ మనిషి. తాళ్ళరేవులో పుట్టి, తాళ్ళరేవులో పడవలు కట్టి, ఆ షెడ్డు దాటి బతకడం తెలియనివాడు.

ఓడకీ ఎడమగోడకీ మధ్య సందులో వెల్లకిలా పడివున్నాడు. పక్కనే నిచ్చెన. తల కింద రక్తం. ఉంగరం పెట్టుకున్న కుడిచెయ్యి ఓడ వైపు చాచి ఉంది.

8.55కి ఎస్.ఐ. శ్రీదుర్గ జీపు దిగింది. ఉప్పాడలో వేటకెళ్ళే ఇంట్లో పుట్టిన పిల్ల. నీళ్ళెక్కే పోటూ, నీళ్ళు తీసే పాటూ గడియారం చూడకుండా చెప్పేస్తుంది. దెయ్యాలంటే నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. అదేం చిత్రమో ఆమెకే తెలియదు.

బయట జనం అప్పటికే తీర్పు ఇచ్చేశారు.

“ఓడే మింగేసిందండి ఆయన్ని!”

“పొద్దున్నే లోపల్నుంచి చప్పుళ్ళు కూడా వచ్చాయట!”

“విజయ్ పాల్, వీళ్ళని వెనక్కి పంపించు” అంది శ్రీదుర్గ. కానిస్టేబుల్ విజయ్ పాల్ లాఠీ అడ్డం పెట్టాడు. అతను కూడా ఓడ వంక ఓరగా చూస్తూనే ఉన్నాడు.

“మల్లేశ్వరరావుగారూ, నిన్న సాయంత్రం మీరూ ఆయనా గొడవపడ్డారట?”

“పడ్డామండి. దాచడమెందుకు? ఓడ అడుగున బొటనవేలు పట్టేంత కన్నం వదిలేశారండి. మూయమంటే మూయనన్నారు.”

“ఎందుకు?”

“ఒక్క పోటు అలాగే తేలాలి, తర్వాత మూస్తానంటారు. టీవీవాళ్ళు వస్తున్నారండి! జనం ముందు ఓడ మునిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ఆ మాట ఇంకెవరికి చెప్పారు?”

“వాళ్ళబ్బాయి జానకిరామ్‌కి నిన్న రాత్రే ఫోన్ చేసి మొత్తుకున్నానండి. నేను చూసుకుంటాలెండి, కంగారుపడకండి అన్నాడు.”

శ్రీదుర్గ టార్చ్ పట్టుకుని డెక్కు మీది తలుపులోంచి ఓడ పొట్టలోకి దిగింది. చీకటి. గుగ్గిలం వాసన. మోకాళ్ళ మీద పాక్కుంటూ వెనక్కి వెళ్ళింది.

కన్నం లేదు. కొత్త టేకు బిరడాతో మూసేసి ఉంది. లోపలి వైపునుంచి దిగగొట్టిన బిరడా. చుట్టూ కూరిన దూది, దాని మీద పూసిన గుగ్గిలం. వేలు పెడితే ఇంకా జిగురుగా అంటుకుంది.

“రాత్రి మనసు మార్చుకున్నట్టున్నారండి, పాపం” అన్నాడు మల్లేశ్వరరావు.

9.10కి జానకిరామ్ వచ్చాడు. కాకినాడలో ఫర్నిచర్ షోరూమ్. తండ్రిని చూసి గోడకి ఆనుకుని కూలబడిపోయాడు. ఏడుపు నిజమైనదే. శ్రీదుర్గ మంచినీళ్ళ సీసా అందించింది. తీసుకుంటున్న చేతుల్లోంచి గుప్పున కిరసనాయిల్ వాసన.

“ఎప్పుడు బయల్దేరారు?”

“మల్లేశ్వరరావుగారు ఫోన్ చెయ్యగానే బండెక్కానండి.”

“ఈ షెడ్డుకి ఈమధ్య వచ్చారా?”

“నేను ఇక్కడ ఉలి పట్టుకుని ఇరవయ్యేళ్ళయింది మేడమ్.”

9.40కి కూతురు వీరవేణి ఆటో దిగింది. తండ్రి పక్కనే ఉండి పదేళ్ళుగా పని చేస్తున్న మనిషి. ఓడ దించే రోజని ముందురోజే అన్నవరం వెళ్ళి, పొద్దున్న ఆరింటి వ్రతంలో కూర్చుని, ప్రసాదం పట్టుకుని వస్తోంది. విస్తరాకు పొట్లాలు చేతిలోంచి జారిపోయాయి.

గంట సేపు ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. శవాన్ని వ్యాన్ ఎక్కించాక ఆమే వచ్చింది.

“కన్నం మూసేసి ఉందంటున్నారు. ఎవరు మూశారండి?”

“మీ నాన్నగారే అయ్యుండొచ్చు కదా?”

“ఆయన చచ్చినా మూయరండి.” అనేసి, తనన్న మాట తనకే వినబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఎందుకు మూయరమ్మా? చెప్పు.”

“మా నాన్నగారి తాత రంగూన్ టేకుతో పాటు ఇంగ్లండ్ వెళ్ళాడండి. ఈ కింగ్ ఆల్‌డ్రెడ్ డెక్కు మీద పలకలు పరిచే పనికి. రెండేళ్ళు కట్టారట. ఆ ఓడకి అడుగు రెండు పొరలు. జలప్రవేశం రోజు పొద్దున్న, మనుషులు చాలక, ఆ పొరల మధ్యకి దిగే మూత ఆయన చేత బిగింపించారు. బిగిస్తుంటే లోపల్నుంచి మూడు దెబ్బలు.”

“లోపల మనిషా?”

“మేస్త్రీకి చెప్పాడట. పోటు మనకోసం ఆగదు, బిగించు అన్నాడట. బిగించేశాడు.”

వీరవేణి ఓడ అడుగు వైపు చూసింది.

“ఓడ సముద్రంలోకెళ్ళింది. మొదటి ఏడాదంతా బొగ్గు వేసేవాళ్ళకి కాళ్ళ కింద అదే చప్పుడట. ఫిరంగులు పేల్చినా ఆ చప్పుడే ముందు చెవిన పడేదట. ఏడాదికి రేవుకి తెచ్చి అడుగు విప్పితే ఒక సుత్తి దొరికింది. ఒక జత బూట్లు. బూట్లు ఖాళీగా లేవటండి.”

“ఆయన ఏం చేశాడు?”

“ఇంటికొచ్చి ఒక కట్టుబాటు పెట్టాడు. ఇక్కడ ఏ పడవకైనా ఆఖరి కన్నం మూసేముందు లోపలకెళ్ళి మూడు దెబ్బలు కొట్టాలి. చెవి ఆనించి వినాలి. జవాబు రాకపోతేనే మూయాలి. ఆ ఓడనే మళ్ళీ కట్టి, కన్నం తెరిచి ఒక్క పోటు తేలిస్తే ఆ లోపలివాడు వెళ్ళిపోతాడని నాన్నగారి నమ్మకం. ఆయన తాతకిచ్చిన మాట.”

“ఈ కట్టు బయటివాళ్ళకి తెలుసా?”

“చెప్పుకునే సంగతాండి అది? మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.” ఆమె ఒక అడుగు ముందుకేసింది. “మేడమ్, మా నాన్నగారు పడిపోయారా, ఎవరైనా పడేశారా? అది తెలియకుండా ఆయనకి కొరివి పెట్టనివ్వను. అన్నయ్యకి కూడా చెప్పేశాను.”

పొద్దున్న చప్పుళ్ళు విన్నది పీతలు అమ్ముకునే మరిడమ్మ. మధ్యాహ్నం ఒంటిగంటకి దొరికింది. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో మంచం మీద ఉంది.

“ఏం విన్నావు మామ్మా?”

“ఏడింటికి తల్లీ, పోటు ఇంకా ఎక్కకముందు పీతలకోసం షెడ్డు వెనకాల బురదలో ఉన్నాను. ఓడలోంచి మూడు దెబ్బలు. దబ్, దబ్, దబ్. ఆగింది. మళ్ళీ మూడు.”

“అవే దెబ్బలా?”

“కాదమ్మా! ఇవి సన్నగా, టిక్ టిక్ టిక్‌మని. తర్వాత ఎవరో టకటకా సుత్తితో బాదారు. అది ఆగిపోయింది. సన్నవి మాత్రం ఆగలేదు తల్లీ. మూడేసి, మూడేసి. బుట్ట అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చాను.”

తిరిగొస్తుంటే డాక్టర్ ఫోన్.

“దెబ్బలాట గుర్తులేం లేవు మేడమ్. పక్షవాతం కొట్టింది. ఎడమపక్క చచ్చుబడి నిచ్చెన మీంచి పడ్డారు. మాట కూడా పోయి ఉంటుంది. కుడిచెయ్యి ఆడి ఉంటుంది. పడింది ఆరున్నర ప్రాంతం. ఎనిమిదింటి దాకా ప్రాణం ఉంది.”

“ఏడింటికి ఎవరైనా చూసి ఉంటే?”

“బతికేవారండి. చాలావరకు బతికేవారు.”

3.15. శ్రీదుర్గ మళ్ళీ ఆ సందులోకి వెళ్ళింది. శవం ఉన్నచోట నేల మీద పడుకుంది. విజయ్ పాల్ బిత్తరపోయి చూశాడు. ఆమె కుడిచెయ్యి చాచింది. చెయ్యి ఓడకి తగిలిన చోట, నేలకి రెండు జానల ఎత్తున, పెయింట్ రాలిన చుక్కలు. ఇరవై, ముప్పై ఉంటాయి. దగ్గరికి వంగి చూస్తే ఒక్కోదాన్లోనూ ఎర్రటి రాగి మెరుపు.

“విజయ్ పాల్, శవం వేలికి ఉన్న ఉంగరం ఏది?”

“కవర్లో ఉంది మేడమ్. రాగిది.”

సాయంత్రం 4.10. షెడ్డులో నలుగురు. మల్లేశ్వరరావు, వీరవేణి, జానకిరామ్, గుమ్మంలో విజయ్ పాల్.

“జానకిరామ్‌గారూ, మీరు చెక్కపని తెలిసినవారు. లోపలికి దిగి ఆ బిరడా ఎలా కొట్టారో చూసి చెప్పండి” అంది శ్రీదుర్గ.

అతను తటపటాయించాడు. చెల్లెలు చూస్తోంది. దిగాడు.

అతను వెనకవైపు చేరాడని అడుగుల చప్పుడు చెప్పింది. శ్రీదుర్గ సందులోకి వెళ్ళి నేల మీద కూర్చుంది. రాగి ఉంగరం వేలికి పెట్టుకుని ఓడకేసి కొట్టింది.

టిక్. టిక్. టిక్.

ఓడలోంచి వచ్చిన కేక విని మల్లేశ్వరరావు రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఆపండి! అదే! పొద్దున్న వచ్చింది అదే!”

జానకిరామ్ డెక్కు మీదికి పాక్కుంటూ వచ్చి పడ్డాడు. ఒళ్ళంతా చెమట.

“పొద్దున్న మీరు కాకినాడలో ఉన్నారు కదా?” అంది శ్రీదుర్గ.

అతను డెక్కు అంచు పట్టుకుని కిందికి దిగాడు.

“నేను చెప్తాను. తప్పయితే సరిదిద్దండి. కన్నం మూస్తానని మల్లేశ్వరరావుగారికి మాటిచ్చారు. ఏడింటికి మీ నాన్నగారు స్నానానికి ఏటికి వెళ్తారని మీకు తెలుసు. షెడ్డు కుడివైపు తలుపులోంచి వచ్చి ఓడ లోపలికి దిగారు, ఎడమవైపు సందు మీకు కనబడలేదు. గుగ్గిలం సబ్బుకి వదలదు, అందుకే చేతులు కిరసనాయిల్‌తో కడిగారు. దొంగతనంగా వచ్చినవాడు గబగబా మూసేసి పోతాడు. మీరు పోలేదు. ముందు మూడు దెబ్బలు కొట్టారు. ఈ షెడ్డులో పెరిగిన చెయ్యి కాబట్టి కొట్టకుండా ఉండలేకపోయారు. అవి మరిడమ్మ వింది. ఆ కట్టు తెలిసిన వీరవేణి ఆ టైముకి అన్నవరం కొండ మీద ఉంది. ఇక మిగిలింది మీరే.”

“నేను నాన్నని తాకలేదండి! ఒట్టు! అసలు ఆయన్ని చూడనే లేదు!”

“తెలుసు. ఆయన్ని ఎవరూ చంపలేదు. పక్షవాతం వచ్చి పడిపోయారు. అందరూ దెయ్యం దెయ్యం అంటూ మొదటి మూడు దెబ్బలే పట్టుకున్నారు. తర్వాత వచ్చిన ఆ సన్న దెబ్బలు మూడూ ఎవరివని ఎవరూ అడగలేదు.”

ఆమె ఉంగరం తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

“ఆయన ఓడ పలకకి అవతలే పడివున్నారు. మాట పోయింది. లోపల ఎవరో కట్టు ప్రకారం కొట్టారు. కొడుకే అని తెలిసి ఉంటుంది. జవాబు ఇచ్చారు.”

జానకిరామ్ ఉంగరాన్ని చూశాడు. దాన్ని తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“ఆ లోపలివాడే అనుకున్నానండి... ముత్తాతగారు మూసేసినవాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. ఎలా కొట్టానో తెలియదు, బిరడా దిగగొట్టేసి పారిపోయాను.”

వీరవేణి అన్న దగ్గరికి వచ్చింది. అరవలేదు. కొట్టలేదు.

“అన్నయ్యా, జవాబొస్తే ఏం చెయ్యాలని నాన్నగారు నేర్పారు?”

“...మూయకూడదు. వెళ్ళి చూడాలి.”

“చూస్తే నాలుగడుగుల దూరమే కదా అన్నయ్యా!”

అప్పుడు ఏడ్చింది ఆమె. పొద్దుట్నించీ ఆపుకున్నదంతా ఏడ్చింది. జానకిరామ్ శ్రీదుర్గ వైపు చేతులు చాచాడు, బేడీలకి.

“అబద్ధం చెప్పినందుకు స్టేట్‌మెంట్ మళ్ళీ రాసుకుంటాను. మిగతాదానికి నా దగ్గర సెక్షన్ లేదండి” అంది శ్రీదుర్గ.

మరిడమ్మకి మాత్రం ఆ సన్న దెబ్బలు ఎవరివో ఆమె చెప్పలేదు. పక్షవాతం వచ్చి పోయారు మామ్మా, దెయ్యమూ లేదు గియ్యమూ లేదు అని మందుబిళ్ళలు ఇచ్చి వచ్చింది.

గురువారం 12.20కి పోటు నిండింది. టీవీవాళ్ళు లేరు. “ఒక్క పోటేంటమ్మా, ఆయన ఎన్నంటే అన్ని తేలనివ్వండి” అని మల్లేశ్వరరావు తానే ఒక చెయ్యి వేశాడు. వీరవేణి లోపలికి దిగి బిరడా ఊడబీకింది. కింగ్ ఆల్‌డ్రెడ్ ఏట్లోకి జారింది. కాసేపు నిలకడగా తేలింది. తర్వాత వెనకవైపు నెమ్మదిగా బరువెక్కింది.

తండ్రికి కొరివి పెట్టిన జానకిరామ్ ఛాతీలోతు నీళ్ళలోకి నడిచాడు. ఓడ మీద మూడు దెబ్బలు కొట్టాడు. చెవి ఆనించాడు.

స్టేషన్‌కి వెళ్ళాల్సిన శ్రీదుర్గ ఒడ్డునే నిలబడిపోయింది. ఆమె కూడా వింటోంది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

అతను మళ్ళీ కొట్టాడు. మళ్ళీ చెవి ఆనించాడు. పాటు మొదలై నీళ్ళు మోకాళ్ళ కిందికి దిగిపోయినా, అతను అక్కణ్ణుంచి కదల్లేదు.