గునుగు రంగు పడ్డ పుస్తకం

ప్రేమలత తలుపు తోసి, కెవ్వున అరిచింది. ఒడిలో ఉన్న గునుగుపూలన్నీ గడప మీద రాలిపోయాయి.

అరవక ఏం చేస్తుంది? పట్టపగలు, బయట కోరుట్ల ఎండ మాడు పగలగొడుతుంటే, గదిలో కటిక చీకటి. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. మధ్యలో ఒక కొవ్వొత్తి. దాని వెనక ఒక పెద్ద కోటు. కోటులోంచి పైకి చూస్తున్న ఒక చిన్న తల.

ఆ తల ఆమె కూతురు భవ్యది. ఆరో తరగతి. ఆ కోటు మస్కట్‌లో పనిచేసే వాళ్ల బాపు పోయినసారి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. భవ్య మెడ మీద చెమట ధారగా కారుతోంది.

"ఓ పోరీ! ఏమైందే నీకు? జరమచ్చిందా?"

"అమ్మా, తలుపు ముయ్యే! వెలుతురస్తున్నది."

"వెలుతురస్తే ఏమైతదే?"

"డార్క్ అకాడెమియా పాడైతది."

"గదేం రోగమే తల్లీ!" ప్రేమలత నెత్తి కొట్టుకుంది. "రేపు సద్దుల బతుకమ్మ. ఇల్లంత పని. గీమె చీకట్ల కూసున్నది. లేసి గీ పూలు ఏరు!"

భవ్య మూతి ముడుచుకుంటూ పూలు ఏరింది. అమ్మకు ఏం తెలుసు? పండుగ సెలవులు మొదలైనప్పటి నుంచి భవ్య ఫోన్‌లో ఆ డార్క్ అకాడెమియా వీడియోలే చూస్తోంది. రాతి గోడల కాలేజీలు, చినుకులు పడే కిటికీలు, ముదురు రంగు బట్టలు, కొవ్వొత్తులు. అన్నిటికన్నా ముఖ్యంగా లావుపాటి పాత పుస్తకాలు. అలా కూర్చున్న వాళ్లను చూస్తే లోకంలో ఉన్నదంతా వాళ్లకే తెలుసనిపిస్తుంది. తాను కూడా అలా కనబడాలి!

సిరిసిల్లలో ఉండే రిషితకు కూడా ఇదే పిచ్చి. పిన్ని కూతురే అయినా పోటీ పోటీయే. ఎవరు తయారుచేసిన చదువు మూల ఫొటోలో బాగుంటే వాళ్లు గెలిచినట్టని నిన్ననే పందెం వేసుకున్నారు.

కోటు ఉంది. కొవ్వొత్తి ఉంది. ఒక్క పాత పుస్తకమే లేదు. స్కూల్ పుస్తకాలన్నీ ప్లాస్టిక్ అట్టలేసుకుని తళతళా మెరుస్తున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. బాపమ్మ దిండు కింద ఒక లావు పుస్తకం ఉంది!

బాపమ్మ, అంటే బాపు తల్లి, పేరు పోశవ్వ. బీడీలు చుడుతుంది. ఆమెకు చదువు రాదు. రేషన్ దుకాణంలో ఇప్పటికీ వేలిముద్రే. ఆ పుస్తకం ఎక్కడిదో, దిండు ఎత్తు చాలక కింద పెట్టుకుని ఉంటుందని భవ్య ఎప్పుడో తేల్చేసుకుంది. ఈ వేళకు బాపమ్మ ఇంట్లో ఉండదు. రోజూ బీడీ చాట చంకన పెట్టుకుని, వెనక గల్లీలో రజిత టీచర్ వాళ్లింటికి పోతుంది. ముచ్చట పెట్టుకుంటూ బీడీలు చుడితే పని తొందరగా అవుతుందంటుంది.

పుస్తకం తీసింది. లావుగా ఉంది, అట్ట గట్టిగా ఉంది. కాని అంచులు తెల్లగా ఉన్నాయి. పాతదిలా లేదు.

వాకిట్లో గిన్నెలు కనబడ్డాయి. ఎరుపు ఒకదానిలో, పచ్చ ఒకదానిలో, ఊదా ఒకదానిలో. గునుగుపూలకు అద్దడానికి అమ్మ కాచిన రంగులు. భవ్యకు ఆ పని బాగా తెలుసు. తెల్ల గునుగులను కట్టగా పట్టి, కొసలు రంగులో ముంచి, ఒక్కసారి దులిపితే చాలు. రంగు కొసకే పట్టుకుంటుంది. కాడ తెల్లగానే ఉంటుంది.

'పుస్తకం కూడా అంతే కదా' అనుకుంది.

మూడు రంగులూ ఒక గిన్నెలో పోసి కలిపింది. ముదురు మట్టిరంగు వచ్చింది. వీడియోలో ఉన్నట్టే! పుస్తకం అంచులు ముంచింది, దులిపింది. అబ్బ, ఎంత బాగుందో! వందేళ్ల నాటి పుస్తకంలా ఉంది. కొవ్వొత్తి పక్కన పెట్టి ఫొటో తీసి, అమ్మ ఫోన్‌లో స్టేటస్ పెట్టింది. కింద రాసింది: నా ఫేవరెట్ బుక్.

వెంటనే రిషిత మెసేజ్ వచ్చింది. 'వామ్మో! గెలిచినవ్ పో. ఏం కథనే గది?'

భవ్య ఏమాత్రం ఆలోచించలేదు. 'చెప్తే మజా పోతది. నువ్వే చదువుకో.'

ఫోన్ పక్కన పెట్టి పుస్తకం వైపు చూసింది.

రంగు అంచున ఆగలేదు. పువ్వు తనకు కావలసినంతే తీసుకుంది. కాగితం మాత్రం ఆగకుండా తాగుతూనే ఉంది. పుస్తకం పూరీలా పొంగింది. భవ్య డాబా మీదికి పరుగెత్తి ఎండలో పెట్టింది. కాసేపటికి వచ్చి ఒక పేజీ పట్టి లాగితే, పర్రుమని మూల చిరిగింది. అది వదిలి ఇంకోటి పట్టుకుంది. అది అసలు రానే లేదు.

అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. పుస్తకాన్ని తీసుకెళ్లి గప్‌చుప్‌గా బాపమ్మ దిండు కిందే పెట్టేసింది.

పొద్దు వంగాక బాపమ్మ వచ్చింది. కాళ్లు కడుక్కుంది. మంచం మీద కూర్చుని దిండు ఎత్తింది.

"ప్రేమలతా! ఉరికిరా! నా పుస్తకానికి నెత్తురు కారుతున్నదే!"

ప్రేమలత గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. పక్క దుప్పటి నిండా ఎర్రమట్టి రంగు మరకలు. మధ్యలో ఉబ్బిపోయిన పుస్తకం. కాని ప్రేమలత చూసింది దాన్ని కాదు. అత్త ముఖాన్ని.

"నీ పుస్తకమేంది అత్తమ్మా? నీకు పుస్తకమెందుకు?"

బాపమ్మ గతుక్కుమంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దొంగతనం బయటపడ్డ పిల్లలా తల దించుకుంది.

"సదువుకుంటున్న," అంది మెల్లగా.

"ఆఁ?"

"రజిత టీచర్ నేర్పింది. గీ పుస్తకం ఆమెనే ఇచ్చింది. నవ్వుతరని మీకు చెప్పలే."

ప్రేమలత చేతిలో గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది. తలుపు వెనక భవ్య నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. బాపమ్మ ఆ తడి అట్ట మీద వేలు పెట్టింది. ఆ వేలు కొస పొగాకు పట్టి పట్టి ఎప్పుడూ గోధుమరంగులో ఉంటుంది. ఆ వేలు ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ నడిచింది.

"తం... గే... డు. తంగేడు. వ... నంలో... చుక్కి."

బాపమ్మ తన వేలికి అంటిన తడి రంగును చూసుకుంది.

"ఎవలు చేసిండ్లు గీ పని?" అంది బాపమ్మ.

జవాబు అక్కర్లేకపోయింది. భవ్య చేతులు మణికట్టు దాకా మట్టిరంగులో ఉన్నాయి.

"నేనే బాపమ్మా."

"ఎందుకు బిడ్డా?"

"పాతగ కనవడాలెనని."

"పాతగనా?" బాపమ్మకు అర్థం కాలేదు. "పాతగ కావాల్నంటే నేను లేనా? నా పక్కకు కూసుంటే సరిపోతుండె!"

"ఫోన్ల పెట్టినవ్ గదనే," అంది ప్రేమలత కోపంగా. "నా ఫేవరెట్ బుక్ అని. గిదేనా?"

ఆ మాట వినగానే బాపమ్మ ముఖం దీపం వెలిగించినట్టు వెలిగింది. భవ్య చేతులు రెండూ పట్టుకుంది.

"అంటే నువ్వు సదివినవా? ఓ నా తల్లి! గట్లయితే పరేశానే లేదు. చెప్పు బిడ్డా! చుక్కి బండ మీదికెక్కింది. మేకపిల్ల యాడికో పోయింది. పొద్దుమూకుతున్నది. తొవ్వ కనవడ్తలేదు. అక్కడికే సదివిన నేను. ఇల్లు చేరిందా గా పోరి?"

భవ్య చేతులు వెనక్కి లాక్కోబోయింది.

"చెప్పవేందే?"

"నేను... గది తెరువనే లేదు బాపమ్మా."

బాపమ్మ చేతులు మెల్లగా జారిపోయాయి. పుస్తకం పాడైందని చూసినప్పుడు కూడా ఆమె ముఖం అంతగా వాడిపోలేదు.

"రేపు ఆడోళ్లందరి ముందల గీ కథ సదువుతనని టీచర్‌కు మాటిచ్చిన," అంది గోడ వైపు చూస్తూ. "బతుకమ్మ ఆటకు ముందుగాల. ఎన్నడూ పాటనే పాడిన. గీసారి సదువుదామనుకున్న. కడమ కథ రేపటికని దాపెట్టుకున్న."

ఆ రాత్రి ఆమె అన్నం సరిగ్గా తినలేదు. భవ్య కూడా తినలేదు.

తెల్లారగానే భవ్య పుస్తకం పట్టుకుని రజిత టీచర్ ఇంటికి వెళ్లింది. టీచర్ అరుగు మీద తంగేడు పూలు గుట్టగా పోసి కూర్చుంది. పుస్తకం చూడగానే ఆమె చేతిలోని పూలు జారిపోయాయి.

"అయ్యో! గిదేందిరా?"

భవ్య ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చివర్లో, "ఇంకో కాపీ ఉన్నదా టీచర్?" అని అడిగింది.

"లేదమ్మా. ఉన్నది గిదొక్కటే. మీ బాపమ్మ చదివినంక బాలవ్వ తీసుకుంటనన్నది. బాలవ్వ తర్వాత గంగమ్మ."

భవ్య కళ్లు పెద్దవయ్యాయి. "బాలవ్వనా? బీడీల బాలవ్వనా? ఆమెకు గూడ చదువస్తదా?"

"మా ఇంట్ల అందరు ఉత్త బీడీలే చుడుతున్నరనుకున్నవా?" అంది టీచర్.

ఆమె నిట్టూర్చి, ఒక పేజీని రెండు వేళ్లతో పట్టి పైకెత్తింది. పొద్దుటి ఎండ కాగితం వెనక నుంచి పడింది. మట్టిరంగు పల్చబడి, దానిలోంచి నల్లటి అచ్చు అక్షరాలు మెల్లగా తేలాయి.

"టీచర్! కనవడుతున్నయి! ఎండకు పెడితే కనవడుతున్నయి!"

భవ్య ఇంటికి ఒకటే ఉరుకు. గదిలో ఉన్న కోటు తీసి మూలన పడేసింది. కిటికీలకు కట్టిన దుప్పట్లన్నీ లాగేసింది. గది నిండా ఎండ పడింది. తంగేడు పుల్లతో ఒక్కో పేజీని మెల్లగా విడదీసి, కిటికీకి ఆనించి చదివింది. చదివింది చదివినట్టు తెల్లకాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. బాపమ్మ కళ్లకు ఆనేంత పెద్దవి. పుస్తకం లావే కాని, పేజీకి నాలుగైదు వరుసలే; మిగతాదంతా బొమ్మలే.

మొదట్లో అక్షరాలు మాత్రమే చూసింది. తర్వాత ఇంకోటి కనబడింది. ప్రతి వరుస కింద చిన్న చిన్న గోధుమరంగు మరకలు. అవి గునుగు రంగు కాదు. వేలిముద్రలు. బాపమ్మ పొగాకు వేలు ఆగి ఆగి నడిచిన జాడ. ఒక కష్టమైన మాట దగ్గర మరక మరీ ముదురుగా ఉంది. అక్కడ చాలాసేపు ఆగి ఉంటుంది. చుక్కి బండ ఎక్కిన పేజీ దాకా ఆ మరకలు ఉన్నాయి. తర్వాత లేవు.

భవ్య తన వేలిని ఆ ముదురు మరక మీద ఆనించి చూసింది.

వాకిట్లో అమ్మా బాపమ్మా బతుకమ్మ పేరుస్తున్నారు. బాపమ్మ మాటిమాటికీ కిటికీలోంచి తొంగిచూస్తోంది.

"అయిందా?"

"అయితున్నది బాపమ్మా. చుక్కి ఏం చేసిందో తెలుసా, గా బండ మీది నుంచి..."

"చెప్పకు! చెప్పకే!" బాపమ్మ చెవులు మూసుకుంది. "నేనే సదువుత!"

ప్రేమలత పకపకా నవ్వింది. నిన్నటి నుంచి ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే.

మధ్యాహ్నానికి కాగితాలు బాపమ్మ చేతికి వచ్చాయి. ఆమె గోడవారన కూర్చుని పెదాలు కదుపుతూ ఉండిపోయింది. చాలాసేపటికి, "హమ్మయ్య!" అని పెద్దగా ఊపిరి వదిలింది.

భవ్య ఫోన్ తీసి నిన్నటి స్టేటస్ తీసేసింది. రిషితకు మెసేజ్ పెట్టింది. 'నిన్న నేను చదువలేదే. ఉత్తగ ఫొటో తీసిన. ఇయ్యాల చదివిన. పందెం నువ్వే గెలిచినవ్.' ఆ తర్వాత బాలవ్వ కోసం మళ్లీ మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టింది.

సాయంత్రం గల్లీలో బతుకమ్మలన్నీ వరసగా దిగాయి. కొత్త చీరలు గరగరమంటున్నాయి. రజిత టీచర్ చప్పట్లు కొట్టి అందరినీ కూర్చోబెట్టింది.

"పోశవ్వ సదువుతదా?" వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "అదేమన్న బీడీ కట్ట మీది కాయితమా ఏంది!"

బాపమ్మ వినలేదు. లేక విననట్టు ఉంది. కాగితాలు ఒళ్లో పెట్టుకుని గొంతు సవరించుకుంది. మొదటి మాట తడబడింది. రెండోది నిలబడింది. నవ్విన వాళ్లు నవ్వు ఆపారు. పిల్లలు జరుగుతూ జరుగుతూ ఆమె మోకాళ్ల దగ్గరికి చేరారు.

చుక్కి బండ ఎక్కింది. మేకపిల్ల లేదు. తొవ్వ కనబడటం లేదు. గల్లీలో కూడా పొద్దుమూకింది. వీధి దీపం ఇంకా వెలగలేదు. బాపమ్మ వేలు కాగితం మీద తడుముకుంది. చదువు ఆగిపోయింది.

భవ్య గబగబా వెళ్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. అమ్మ ఫోన్‌లో లైటు వేసి కాగితం మీదికి వంచింది. తెల్లకాగితం వెలిగి, పెద్ద అక్షరాలు కనబడ్డాయి. బాపమ్మ వేలు మళ్లీ నడిచింది.

"చుక్కి... కిందికి చూసింది. తన ఒడిలోంచి... రాలిన గునుగుపూలు... దారి పొడుగునా... తెల్లగా మెరుస్తున్నాయి."

"హా!" అన్నారు పిల్లలంతా ఒక్కసారి. బాలవ్వ ముక్కు మీద వేలేసుకుంది.

"భవ్యా!" వెనక నుంచి ప్రేమలత గొంతు తగ్గించి పిలిచింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "ఒక్క ఫొటో తియ్యవే! మీ బాపుకు పంపుదాం."

ఫొటో తీయాలంటే లైటు కాగితం మీది నుంచి పక్కకు తిప్పాలి.

"ఆగే అమ్మా," అంది భవ్య, చెయ్యి కదలనివ్వకుండా. "బాపమ్మ చదువుతున్నది."