మూడో పిలుపు

తార్నాక వెనక రాళ్లగుట్టకు చీకటి పడ్డాక ఎవరూ పోరు. ఎప్పుడో బండలు కొట్టే మనిషొకడు అక్కడ జారిపడి చచ్చాడట... వాడు రాత్రుళ్లు పిలుస్తాడట. తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తాడట!

పోయిన ఏడాది, అరవై తొమ్మిది జనవరి. యూనివర్సిటీలో ప్రత్యేక తెలంగాణ గొడవలు. హాస్టల్ వంటమనిషి కొమురెల్లికి ఒక్కడే కొడుకు, రాజలింగు. అక్కడే బి.ఏ. చదువుతున్నాడు. లాఠీలను తప్పించుకుని పరుగెత్తినవాడు నాలుగు రోజులైనా ఇల్లు చేరలేదు. వాడు పెంచిన కుక్క మోతీ మాత్రం గుట్ట వైపే చూసి మొరుగుతోంది. పగలు పోదామంటే కింద పోలీసు వ్యాను.

ఆ రాత్రి కొమురెల్లి మోతీ మెడకు తాడు కట్టి, తువ్వాలలో నాలుగు రొట్టెలు మూటగట్టాడు. పక్కింటి భారతమ్మ చూసింది.

“ఒక్కనివే పోతున్నవా, కొమురెల్లీ?”

“ఒక్కన్నేంది అక్కా, మోతీ ఉన్నది గద.”

“మూడు దినాల సంది రాత్రి గాడ మూల్గుతున్నది. బస్తీ అంత తలుపులేసుకున్నం. పిలిస్తె పలుకకు. దయ్యం రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిస్తెనే మనిషి.”

“పలుకనులే. ఆకలైతె రొట్టె పెడ్త దానికి.”

నవ్వి, తాడు పట్టుకుని గుట్ట వైపు నడిచాడు.

చలి ఎముకలు కొరుకుతోంది. ఒట్టి కాళ్లకు బండలు మంచులా తగులుతున్నాయి. దూరంగా మౌలాలి గుట్ట మీద ఒకే దీపం. సగం దూరం ఎక్కాడు...

“నాయినా...”

మోతీ తోక ఊపుతూ తాడు గుంజింది. జవాబు కొమురెల్లి నాలుక మీదికొచ్చింది— మింగేశాడు. కుక్క మొరగబోతే మూతి గట్టిగా మూశాడు.

“నాయినా...”

రెండు.

ఇంకొక్కసారి పిలువు బిడ్డా... ఒక్కసారి... లోపల్లోపలే మొక్కాడు. దూరంగా రైలొకటి పోయింది. కాసేపటికి ఇంకొకటి. మూడో పిలుపు రాలేదు.

ఎన్నడూ కరవని మోతీ అతని చెయ్యి కొరికి, తాడు విడిపించుకుని పైకి ఉరికింది. దాని వెనకే పడుతూ లేస్తూ ఎక్కాడు.

రెండు బండల నడుమ రాజలింగు. కాలు విరిగి వాచిపోయింది. పెదవులు పగిలిపోయాయి. ముఖం దారి వైపే ఉంది. మోతీ ఆ చెంప నాకుతోంది.

కొమురెల్లి చెయ్యి పట్టి చూశాడు. వెచ్చగానే ఉంది... ఊపిరి లేదు.

దయ్యమైనా బాగుండేది! బస్తీ అంతా విన్నది. ఒక్కడూ పోలేదు. పోయిన ఒక్కడూ పలకలేదు!

ఇప్పుడూ రాత్రుళ్లు ఆ గుట్ట మీద ఓ గొంతు వినబడుతుంది— “ఆఁ... వస్తున్న బిడ్డా!” కొత్తవాళ్లు దయ్యమంటారు. కాదు, కొమురెల్లి. మతి చెడి, ఎవరూ పిలవకుండానే పలుకుతున్నాడంటారు తెలిసినవాళ్లు.

పిలవకుండానేనా?...

ముందు మోతీ చెవులు నిక్కబొడుస్తుంది. తోక ఊపుతుంది. ఆ తర్వాతే అతను పలుకుతాడు.