మధ్యాహ్నం తుడిచిన రీళ్ళు

టీ గ్లాసులు ఇంకా తీయనేలేదు, మామగారు భోజనాల బల్ల మీద పాత తువ్వాలు పరిచేశారు. ఈకలతో కట్టిన ఈగబొమ్మను గాలంగా విసిరి నదిలో చేపలు పట్టేవాళ్ళు దారం చుట్టుకునే రీళ్ళను విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి ఇవ్వడం ఆయన పని. నలభై ఏళ్ళుగా అదే. తీసిన మరలను తీసిన వరసలోనే కోడిగుడ్ల అట్ట గుంటల్లో పెట్టుకుంటారు. తెలిసినవాళ్ళందరికీ ఆయన రీళ్ళ డాక్టరు.

“ఈ ఇంట్లో చెంచాలకీ జిడ్డే, గొళ్ళేలకీ జిడ్డే. నా మోకాళ్ళకే ఆ యోగం లేదు,” అంది అత్తగారు గ్లాసులు తీస్తూ.

“నీకు మరలెక్కడున్నాయో దొరికితే కదా,” అన్నారాయన తలెత్తకుండా.

కోడలు నవ్వింది గానీ చూపు మాత్రం ఆయన కుడిచేతి మీదే ఉంది. ఇరుసు మీద ఒక్క చుక్క నూనె, పళ్ళచక్రాలకు రాసీ రాయనట్టు గ్రీజు. అది ఆయన కొలత. ఈ ఏడాది చేతికి వణుకు వచ్చాక ఆ ఒక్క చుక్కా మూడై పడుతోంది, గ్రీజు ముద్దగా అంటుతోంది. మిగిలిన జిడ్డుకు ఇసుక పట్టిందంటే చక్రాల పళ్ళు అరిగిపోతాయి. ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళ, పూర్తయిన రీళ్ళను మళ్ళీ విప్పి, ఎక్కువైనదంతా పాత టూత్‌బ్రష్షుతోనూ గుడ్డతోనూ తీసేసి, ఎప్పటిలా బిగించి పెట్టేది. పదేళ్ళుగా అదే బల్ల దగ్గర కూరగాయలు తరుగుతూ చూసి నేర్చుకున్న విద్య. రోజూ దణ్ణం పెట్టుకునేటప్పుడు, స్వామీ, ఇది సేవా, మోసమా అని అడిగేది. దేవుడు జవాబు చెప్పలేదు. ఆపమనీ చెప్పలేదు.

ఆ రోజు తొమ్మిదింటికి లెక్కల మాస్టారు వచ్చారు. ఇరవై ఏళ్ళుగా ఆయన రీలు ఈ ఇంటికే వస్తోంది. పోయిన వారం బాగుచేయించుకెళ్ళిందే మళ్ళీ పట్టుకొచ్చారు. చేప లాగగానే దారం పట్టూ అదుపూ లేకుండా ఊడి వచ్చి చిక్కు పడిపోయిందట. చుట్టబోతే చెయ్యి బరువెక్కిందట. ఏం ఫరవాలేదు, ఒక చేపకు ఆయుష్షు పెరిగింది అంటూ నవ్వేసి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయారు.

మామగారు రీలు విప్పారు. లోపల టిక్కుటిక్కుమనే చిన్న ఇనుప నాలుక ఉంటుంది. చేప లాగినప్పుడు దారాన్ని నిలువరించేది అదే. కుడిచేత్తో చుట్టేవాళ్ళకు ఒక వైపు, ఎడమచేత్తో చుట్టేవాళ్ళకు రెండో వైపు తిప్పి పెట్టాలి. మాస్టారిది కుడిచెయ్యి. నాలుక ఎడమచేతికి తిరిగి ఉంది.

ఆయన దాన్ని వేలితో ఒకసారి అటూ ఇటూ కదిపి చూశారు. తర్వాత పనిముట్లు ఒక్కొక్కటే తువ్వాల్లో చుట్టి, డ్యూటీకి బయలుదేరుతున్న కొడుకును పిలిచారు. గేటుకున్న రీళ్ళ రిపేరు బోర్డు తీసెయ్యమన్నారు. చెయ్యి వణికితే ఒంటికి వచ్చిన జబ్బనుకోవచ్చు, కానీ ఇలా బిగించినట్టు తనకు గుర్తే లేదన్నారు. ఆయన అన్నగారికీ మతిమరుపు ఇలాగే మొదలైంది. తాళాలు పంచదార డబ్బాలో పెట్టడంతో మొదలై, చివరికి కట్టుకున్న భార్యను ‘ఎవరమ్మా నువ్వు’ అని అడిగారు.

ఇకనైనా కాస్త విశ్రాంతి తీసుకోమని కొడుకు నచ్చజెప్పాడు. అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వంటింటి గుమ్మంలో నిలబడి కోడలు అంతా విన్నది. ఆ రీలు ఆమెకు గుర్తుంది. గ్రీజు నాలుక దాకా పాకి ఉంటే, తీసి తుడిచి పెట్టింది. ఊరుకుంటే ఈయన మతి పోయిందన్న భయంతోనే బతుకుతారు. చెబితే చెయ్యి పనికిరావడం లేదని తెలిసిపోతుంది.

“అది మీరు పెట్టింది కాదు మామయ్యా. నేను పెట్టాను.”

“నువ్వేమిటమ్మా?”

“మీరు పడుకున్నాక విప్పి తుడుస్తున్నాను. నూనె ఎక్కువవుతోందని.”

“ఎన్నాళ్ళుగా?”

“ఆర్నెల్లుగా.”

“అన్నీనా?”

ఆమె తల దించుకుంది. “అన్నీ.”

ఆయన ముఖం నల్లబడింది. “నా ఇంట్లో, నా బల్ల మీద, నా వెనకాల. వాళ్ళు మెచ్చుకుంటుంటే నేను పొంగిపోయాను. మీరంతా నవ్వుకున్నారా?”

“ఎవరూ నవ్వలేదు,” అంది అత్తగారు. “మీరు నిద్రలో అటూ ఇటూ కదిలినప్పుడల్లా గుమ్మం దగ్గర దగ్గి దానికి చెప్పింది నేనే. తిడితే ఇద్దరినీ తిట్టండి.”

ఆయన లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. కొడుకు గడియారం చూసుకున్నాడు, కానీ కదల్లేదు.

మామగారు ఇటు తిరక్కుండానే అడిగారు. “బిగించాక ఏ చేత్తో తిప్పి చూశావు?”

“నా వాటం ఎడమే కదా మామయ్యా. ఆ చేతికి తేలిగ్గా తిరిగితే సరిపోయిందనుకున్నాను.”

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారనుకుని ఆమె దగ్గరికి వెళ్ళేసరికి, కళ్ళ నీళ్ళు గడ్డం దాకా వచ్చేశాయి.

“మిమ్మల్ని కూడా మర్చిపోతాననుకున్నానమ్మా,” అన్నారు. “చేతులు పోతే పోనీ. మీ ముఖాలు గుర్తుంటే చాలు.”

ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని, తప్పయిపోయిందని, ముందే చెప్పవలసిందని ఏడ్చింది. చెబితే నేను వినేవాణ్ణా అన్నారాయన. ఆ తర్వాత బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురు పడే తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టారు. తను పక్క కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

“విప్పు. నేను చెబుతాను.”

ఏ మర పొట్టిది, ఏది పొడుగు, దేని కింద రేకు ఉంటుంది, నాలుక ఎటు తిరగాలి అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయారు. ఒక్కటీ తప్పలేదు. ఒక్కో మాట సరిపోయినకొద్దీ ఆయన నుదుటి ముడత విడిపోవడం ఆమె చూసింది. చేతులకు దారి తెలిసినా, ఆమె ఆగి మరీ అడిగింది.

“ఆ తర్వాత ఏం పెట్టాలి మామయ్యా?”

ఆయన కళ్ళు తెరవకుండానే చిన్నగా నవ్వారు.

“నీకన్నీ తెలుసని నాకు తెలుసు. అయినా అడుగుతూ ఉండు.”