మోటారింటి వెలుగు

రామసముద్రం దాటాక వచ్చే పెద్ద చెరువులో, నీళ్ళు తోడే మోటారు కోసం కట్టిన పాత మోటారిల్లు ఒకటి నీళ్ళ నడుమ మునిగి ఉంది. పైకప్పూ సగం గోడా మాత్రమే బయటికి కనిపిస్తాయి. పొద్దు కుంకాక అటు పుట్టి, అదే గుండ్రటి తెప్ప, వేసే మగాడు ఈ చుట్టుపక్కల లేడు.

అక్కడ చేపలు పట్టే మునిరత్నం దెయ్యమై ఉన్నాడంటారు. ఏడాది కిందట ఆ గోడ పక్కనే శవమై తేలాడు. అతను తలకు కట్టుకునే లైటు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆ తరవాత నుంచే చీకట్లో అక్కడ ఒక వెలుగు... మనిషి తలంత ఎత్తున, పసుప్పచ్చగా, ఊగుతూ. చూసినవాళ్ళు ఒకరిద్దరు కాదు.

వెలుగు కనబడితే ఏం చేయాలో అందరికీ చెప్పింది పురుషోత్తం. చేపల సంఘంలో పెద్ద నోరు అతనిదే.

"దాని పక్క సూడొద్దండప్పా. పుట్టి తిప్పి, వీపు పెట్టి కూసోండి. ఒడ్డుకొచ్చినాక నోరెత్తొద్దు. సెప్పినోని ఇంట్లో ఇంకో పీనుగ లేస్తాది."

ఊరంతా బుద్ధిగా వీపు పెట్టింది. నీళ్ళమీద అనుమానంగా ఏం కనబడినా ఫోన్ చేయమని పోలీసులు ఎప్పుడో కట్టమీద బోర్డు నాటి, నంబరు కూడా రాశారు. ఈ మహానుభావులు దానిమీద వలలు ఆరేసుకున్నారు. ఆ నంబరును పట్టించుకున్నవాడు మునిరత్నం ఒక్కడే. "రేత్తిరి సప్పుళ్ళు వస్తాండాయి. సేపలు సచ్చి తేల్తాండాయి. ఫోన్ సేసి సెప్పల్ల గదా" అన్నాడు. మనకెందుకప్పా అన్నారు మిగతావాళ్ళు. ఆ వారంలోనే పోయాడు.

అతని భార్య అంబికకు దెయ్యం పెళ్ళామని పేరు పెట్టారు. ఆమె దగ్గర చేప కొంటే దెయ్యాన్ని గడప లోపలికి తెచ్చుకున్నట్టేనట. పాపం, పుంగనూరు దాకా మోసుకెళ్ళి అమ్ముకునేది. వెలుగు కనబడితే ఆమె కూడా వీపే పెట్టేది. ఇంట్లో మిగిలింది కూతురు దీపిక ఒక్కతే మరి.

ఒకనాడు తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, అంబిక వల ఎత్తడానికి వెళ్ళింది. గాలికి పుట్టి మోటారింటి వైపు జరిగింది. కంటి కొసన వెలుగు...

చటుక్కున ఆమె వీపు తిప్పేసింది. పసుప్పచ్చ వెలుగు తన మీదుగా ముందరి నీళ్ళమీద పడింది. ఆరింది. వెలిగింది. మళ్ళీ ఆరింది... మళ్ళీ వెలిగింది.

ఆ ఆరడం, వెలగడం అంబికకు తెలుసు. మునిరత్నం లైటుకు వైరు వదులు. రెండు దెబ్బలు కొడితేగాని సరిగ్గా వెలిగేది కాదు. ఆ లైటు కొత్తది కొనమని ఎన్నిసార్లు తిట్టిందో.

"నువ్వేనా?" అని గొణిగింది. భయం పోయి కోపం వచ్చింది. "బతికినన్నాళ్ళూ ఏడిపించింది సాలదా? యాల ఇట్లా ఎంటబడ్తాండావు?"

విసురుగా వెనక్కి తిరిగింది.

మునిరత్నం లేడు. ఆ వెలుతురులో గోడవారగా ఇంకో పుట్టి, అందులో ఇద్దరు మనుషులు. ఒకడు బ్యాటరీకి తీగ తగిలించాడు — నీళ్ళ అడుగున ధబ్బుమని మోగింది. అంబిక పుట్టి ఎగిరిపడింది. బావులు తవ్వేటప్పుడు బండలు పేల్చే తోటాలు అవి. చచ్చిన చేపలు తెల్లగా తేలాయి.

"బిన్నా ఏరు" అని తొందరపెట్టాడు రెండోవాడు. "మునిరత్నం మాదిరి అడ్డమొచ్చి సచ్చేటోడు ఇంగెవుడూ లేడులే."

పురుషోత్తం గొంతు.

ఆమెకు ఒళ్ళంతా మండింది. కానీ కేక వేస్తే తనకూ మొగుడి గతే, దీపిక ఒంటరిదే. పుట్టిలో వంగి, ప్లాస్టిక్ కవరులోంచి ఫోన్ తీసింది. రోజూ ఆ బోర్డు కిందే కూర్చుని వల అతుకుతుంది, నంబరు నోటికి వచ్చు. గుసగుసగా చెప్పింది.

"అన్నా... మోటారింటి కాడ... తోటాలు పేలుస్తాండారు. నా మొగున్ని సంపింది ఈళ్ళే."

"నీ పేరేందమ్మా?"

"మునిరత్నం పెండ్లాన్ని."

ఆ ఇద్దరూ చేపల సంచులతో ఒడ్డెక్కేసరికి పోలీసులు కాచుకుని ఉన్నారు. తెల్లారేసరికి కట్టమీద ఊరంతా పోగైంది. అంబిక పురుషోత్తం ఎదురుగా నిలబడి ఉమ్మేసింది.

"దెయ్యమని అందర్నీ బెదిరిస్తివే. నీ లైటే నిన్ను పట్టించింది సూడు."

పురుషోత్తం అయోమయంగా చూశాడు.

"లైటా? దొంగపనికి పొయ్యేటోళ్ళం లైటు యాల ఏసుకుంటామమ్మా? మేము సీకట్లోనే పన్జేసేది. ఆ వెలుగు మాకు ఒక్క పొద్దు గూడా కనపళ్ళా. ఈళ్ళు పిరికోళ్ళు, ఏందో సూసినామని ఒణకతా ఉంటే... మాకు మంచిదేలే అని వీపు తిప్పమని సెప్తిని." ఆమె మొహంలోకి చూసి అడిగాడు. "సీకట్లో నువ్వు మమ్మల్ని ఎట్ల సూసినావు?"

జనంలోంచి ఒకడు మెల్లగా వెళ్ళి బోర్డుమీది వల తీసేశాడు.

అంబిక మోటారింటి వైపు తిరిగింది. ఏడాది పొడుగునా ఆయన చూపిస్తూనే ఉన్నాడు. ఊరితో పాటు తనూ వీపు పెట్టి కూర్చుంది.

ఇప్పుడు ఆమె రోజూ పుట్టిని మోటారింటికి ఎదురుగా తిప్పుకునే కూర్చుంటుంది. వెలుగు మళ్ళీ రాలేదు.