కారు గేరు, గువ్వ మాట

సిగ్నల్ పచ్చగా మారింది. కారు మాత్రం కదల్లేదు.

అమ్మ క్లచ్ తొక్కి గేరు ముందుకు నెట్టింది. ఎవరో పళ్లు నూరినట్టు కర్ర్‌ర్‌మంది. మళ్లీ నెట్టింది. మళ్లీ అదే చప్పుడు. వెనక హారన్లు మొదలయ్యాయి.

వెనక సీట్లోంచి గువ్వ ముందుకు వంగి, సీట్ల సందులోంచి అమ్మ కాళ్ల వైపు చూసింది. "మ... మ... మ్..."

"మంచినీళ్లా? ఇదిగో," అని పక్కనే ఉన్న అన్నయ్య సీసా తీసి గువ్వ చేతిలో పెట్టేశాడు.

గువ్వ తల అడ్డంగా ఊపింది. "మ... మ..."

"మెల్లగా పోనిమ్మంటోంది అమ్మా," అన్నాడు అన్నయ్య.

గువ్వ సీసాను ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. ఎలాగో గేరు పడి, కారు ఒక్క కుదుపుతో కదిలింది.

ఇంట్లో అన్నయ్యను అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. ఏ పనైనా ముందు చేసేస్తాడు, తర్వాత చూసుకుంటాడు. గువ్వ వాడి చెల్లెలు, ఒకటో తరగతి. తన మాట మొదట్లోనే తడబడి ఆగిపోతుంది. అలా ఆగిన మాటను బయటికి లాగడం తన పనే అని ఎక్స్‌ప్రెస్ నమ్మకం. సగంసార్లు తప్పు మాటే లాగేవాడు. అయినా సాయం చేశాననే అనుకునేవాడు. ఈమధ్య గువ్వ మాట్లాడటమే తగ్గించింది. మాటల పిసినారి అని వాడు ఏడిపించేవాడు కూడా.

అమ్మ కర్టెన్లు కుడుతుంది. వాటిని ఇళ్లకు తీసుకెళ్లి, తనే తగిలించి వస్తుంది. నిచ్చెన కారు మీద, బట్టల మూటలు కారు లోపల. ఈ కారు లేకపోతే ఆ పని లేదు. గేర్‌బాక్స్ దించాల్సి వస్తే ఇక ఈ ముసలిదాన్ని మోయలేం, తుక్కుకిచ్చేద్దాం అని నాన్న పొద్దున్నే అన్నాడు. అమ్మ టిఫిన్ డబ్బా మూత అవసరమైనదానికంటే గట్టిగా బిగించింది.

ఆ సాయంత్రం స్కూలు నుంచి నేరుగా మెకానిక్ అత్త షెడ్డుకే వెళ్లారు. ఆ వీధి పిల్లలందరికీ ఆవిడ అత్తే. అత్త ఇంజన్ ఆపి గేర్లు వేసి చూసింది. హాయిగా పడ్డాయి. ఇంజన్ నడుస్తుండగా వేసింది. కర్ర్‌ర్. అంటే క్లచ్ ఇంజన్‌ని పూర్తిగా వదలడం లేదని చెప్పింది. ముందు క్లచ్ కేబుల్ చూస్తానంది. అది బాగానే ఉంటే మాత్రం గేర్‌బాక్స్ దించక తప్పదంది. అమ్మ తాళాల గుత్తిని పిడికిట్లో బిగించింది.

అక్కడ బల్ల మీద వేరే కారు గేర్‌బాక్స్ తెరిచి ఉంది. ఎక్స్‌ప్రెస్ దగ్గరికి వెళ్లి ఊపిరి బిగబట్టాడు. నూనెతో మెరిసే చక్రాలు. పెద్దవి, చిన్నవి, పక్కపక్కనే. అన్నింటికీ పళ్లు. ఇదంతా రోజూ తమ కాళ్ల కింద చీకట్లో తిరుగుతోందా?

రెండింటిని కలపాలని గట్టిగా తోశాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా తోశాడు. వేలు చీరుకుంది.

"దాని మీద ఏమన్నా పగా నాయనా?" అంటూ అత్త బానెట్ దగ్గర్నుంచి వచ్చింది. చక్రాల మధ్య ఉన్న సన్నటి ఇత్తడి ఉంగరాన్ని చూపించింది. ఇదో వేగంతో తిరుగుతుంది, అదో వేగంతో తిరుగుతుంది. ఉంగరం వెళ్లి ముందు మెల్లగా తాకుతుంది. రెండూ ఒకే వేగానికి వచ్చేదాకా దారి ఇవ్వదు. వచ్చాక... అత్త ఒక్క వేలితో అలా జరిపింది.

టక్.

పళ్లలోకి పళ్లు దువ్వెనలో దువ్వెనలా కూర్చున్నాయి.

ఎక్స్‌ప్రెస్ నోరు మూయడం మరిచిపోయాడు. వాళ్లు దాటిన ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంత చిన్న ఉంగరం ఎదురుచూస్తూనే ఉందన్నమాట. ఎవరికీ కనబడకుండా.

"మరి మన కారులో ఎందుకు కలవట్లేదత్తా?"

"క్లచ్ వదలకపోతే ఇంజన్ తోస్తూనే ఉంటుంది కదా. వెనకనుంచి ఎవరో తోస్తుంటే ఎవరికైనా కుదురుతుందా?"

అప్పుడు ఎవరో వాడి చొక్కా లాగారు. గువ్వ.

"మ... మ..."

మందా, మరా అని వాడి నాలుక చివరిదాకా వచ్చేసింది. ఇంతలో ఉంగరం మీద చూపు పడింది. నోరు మూసుకున్నాడు.

"మ... మ్..." గువ్వ మెడ బిగిసింది. పక్కన కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఎక్స్‌ప్రెస్ కిందికి వంగి, చెల్లి మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎదురుచూడటం ఇంత కష్టమని వాడికి తెలియదు.

"మ్యాట్," అంది గువ్వ.

ఎవరూ తొందరపెట్టకపోయేసరికి మిగతాది తనంతట తనే వచ్చింది. "నువ్వు వేసిన కొ... కొత్త మ్యాట్. మడత పడి పె... పెడల్ వెనక ఇరుక్కుంది."

ఎక్స్‌ప్రెస్ చెవులు వేడెక్కాయి. ఆదివారం కారు కడిగాక ఆటకు వేళయిపోతోందని, పాత మ్యాట్ తీయకుండానే దాని మీద కొత్తది పడేసి కాలితో తోసేశాడు.

"నేనేనమ్మా. నేనే అలా పడేశాను," అన్నాడు.

అత్త టార్చి తీసుకుని వంగింది. మందమైన రబ్బరు, క్లచ్ పెడల్ వెనక దిండులా ముడుచుకుని ఉంది. పెడల్ చివరిదాకా వెళ్లడానికి చోటే లేదు. అత్త దాన్ని లాగి బయటపడేసి నవ్వింది. "నేను బానెట్‌లో తలపెట్టి వెతుకుతున్నా. జవాబేమో కాళ్ల కింద ఉంది."

అమ్మ ఇంజన్ స్టార్ట్ చేసింది. క్లచ్ పూర్తిగా లోపలికి వెళ్లింది. గేరు వెన్నలో వేలు దిగినట్టు పడింది. నమ్మలేక మళ్లీ వేసింది. వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి. గేరు మీంచి చెయ్యి తీసి చాలాసేపు స్టీరింగ్‌ని నిమిరింది.

"ఎప్పుడు చూశావే గువ్వా?"

"సి... సిగ్నల్ దగ్గర. చెప్తూనే ఉన్నా."

ఇంటికి వెళ్లే దారిలో గువ్వ కిటికీ వైపు తిరగలేదు. "అ... అన్నయ్యా. ఆ ఉ... ఉ..."

ఏ మాటో ఎక్స్‌ప్రెస్‌కి ఈసారి నిజంగానే తెలుసు. అయినా అనలేదు.

"ఉ... ఉంగరం. పక్క చక్రం చెప్పేది వి... వింటుందా?"

అంత మాట గువ్వ లోపల ఉందని వాడు ఎప్పుడూ అనుకోలేదు.

"నీకేమనిపిస్తోంది?" అని అడిగి, చెల్లి వైపు జరిగి కూర్చున్నాడు.

గువ్వ ఆలోచించింది. వాడు ఎదురుచూశాడు. ముందు సీట్లో, చప్పుడే లేకుండా, మూడో గేరు పడింది.