నిండా పోసిన టీ

"సరస్సు కట్ట పేల్చబోతున్నారు," అంటూ కల్నల్ సాద్యబెక్ ఫోటోను బల్ల మీదికి విసిరాడు. "కింద లోయ నిండా ఊళ్లే. వరద సరిహద్దు దాటితే పొరుగువాడు మనమే వదిలామంటాడు. యుద్ధమొస్తే ఈ విదేశీ ముఠా రెండువైపులా ఆయుధాలు అమ్ముకుంటుంది."

ఏజెంట్ ఎర్మెక్ ఫోటో చూశాడు. మంచుకొండ ఒడిలో నీలం సరస్సు, అడ్డంగా రాళ్ల కట్ట, దాని పక్కన పూడిపోయిన పాత వాగు.

"తప్పకపోతే ఆ వాగు నోరు పగలగొట్టు. నీళ్లు అయ్‌పెరి గుర్రాలు మేసే పచ్చిక మీదికి పోతాయి. ఆమెకు మాత్రం చెప్పకు. మంద కదిలితే ముఠాకు అనుమానమొస్తుంది."

"ఆమె మన ఏజెంటు, సార్!"

"వాళ్లకీ ఏజెంటే."

మర్నాడు ఎర్మెక్ పశువుల డాక్టరు వేషంలో కొండెక్కాడు. గట్టు మీద టూరిస్టులకు గుడారాలు అద్దెకిచ్చే అయ్‌పెరి, ఎర్ర పట్టు కండువా ఎగురుతుండగా ఎదురొచ్చింది. ఆమె ఇంత అందగత్తె అని కల్నల్ చెప్పలేదు.

"నల్ల గుర్రానికి దగ్గు తగ్గిందా?"

"దగ్గు కాదు డాక్టరుగారూ, బెంగ."

కోడ్ సరిపోయింది. ఎర్మెక్ మందలో ఒక్కో గుర్రానికీ మెడ నిమిరి సూది వేశాడు.

"మా అమ్మ పోతూ నా చేతిలో పెట్టిన మంద," అంది ఆమె మెల్లగా. "వీటికేం కాదుగా?"

"ఏం కాదు," అన్నాడు. అనగానే నాలుక కోసుకోవాలనిపించింది.

గుడారంలో ముఠా నాయకుడు వాల్టర్ కూర్చుని ఉన్నాడు. మంచుకొండల సైంటిస్టునని చెప్పుకుంటాడు. అయ్‌పెరి టీ తెచ్చింది. అతిథి ఇంకాసేపు కూర్చోవాలని గిన్నెలో సగమే పోయడం అక్కడి మర్యాద. నిండా పోశారంటే ఇక దయచేయమని. వాల్టర్‌కు సగం పోసింది. ఎర్మెక్ గిన్నె అంచుదాకా నింపింది.

"తాగండి, డాక్టరుగారూ."

దొరికిపోయానని ఎర్మెక్‌కు అర్థమైంది. గుటుక్కున తాగి, "గుర్రాన్ని చూసొస్తా," అంటూ బయటపడి నల్ల గుర్రమెక్కాడు. వెనక తుపాకులు పేలాయి.

కట్ట మీద కాపలావాడిని మత్తుసూది తుపాకీతో పడగొట్టాడు. బాంబు టైమరులో నిమిషం కూడా లేదు. బాంబు సంచి ఎత్తుకుని పరిగెత్తి వాగు నోట్లోకి విసిరాడు. కింద పచ్చికలో గుర్రాలు తలలెత్తి చూస్తున్నాయి.

నేల దద్దరిల్లింది. నీళ్లన్నీ వాగులోకే దూకాయి. ఎర్మెక్ కళ్లు మూసుకున్నాడు, కానీ సకిలింపులు వినిపించాయి.

హెలికాప్టర్లో దిగిన కమాండోలు వాల్టర్‌కు సంకెళ్లు వేశారు. రేడియోలో కల్నల్ గొంతు మోగింది: "శభాష్! ఒక్క ప్రాణం కూడా పోలేదు!"

ఎర్మెక్ గుడారం దగ్గరికి తిరిగొచ్చి నల్ల గుర్రం కళ్లెం అయ్‌పెరి చేతిలో పెట్టాడు. మందలో మిగిలింది అదొక్కటే.

"నీకు ముందే తెలుసా?"

అబద్ధం అతనికి కొట్టినపిండి. అయినా "తెలుసు," అన్నాడు.

"నేను నీ ప్రాణం కాపాడాను. నువ్వు ఒక్క ముక్క చెప్పుంటే పొద్దున్నే అవతలి గట్టుకి తోలుకుపోయేదాన్ని."

"తప్పు చేశాను, అయ్‌పెరీ. క్షమించు."

ఆమె గుడారంలోకి వెళ్లి గిన్నె తెచ్చి, అతని కళ్లలోకి చూస్తూ, అంచుదాకా నింపింది.

ఎర్మెక్ చుక్క మిగల్చకుండా తాగాడు. ఈసారి వెంటపడి కాల్చేవాళ్లెవరూ లేరు. అయినా ఇందాకటి కంటే వేగంగా కొండ దిగాడు.