నూట ఇరవై కొక్కేలు

ఎమ్మిగనూరులో గులాం మొహిద్దీన్ మగ్గం నేసినదానికన్నా ఆయన నోరు నేసిందే ఎక్కువ. ఆ శనివారం పొద్దున కూడా బొరుగుల ఉగ్గాని గిన్నె ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టాడు.

"ఆదోని సావుకారు నా చీరె మడత ఇప్పినాడో లేదో, అంచు మీది చిలక ఎగిరిపోయి మాధవరంలో జామచెట్టు మీద వాలింది. ఉత్త మగ్గం అనుకున్యావామ్మా? రెండునూర్ల నలభై కొక్కేలు!"

"మిరక్కాయ పెట్టింటే తిరిగొచ్చేది గదా మామా," అంది కోడలు షరీఫా బీ.

నవ్విందే కానీ ఆమె చూపు గడప పక్కనున్న కొత్త అట్టపెట్టె మీదే ఉంది. అందులో మొగుడు చాంద్ బాషా బట్టలు సర్ది ఉన్నాయి. సోమవారం చేనేత సంఘం మనిషి వస్తాడు. మగ్గం మీద చిలక అంచు పడితే నూలు ఇస్తాడు. పడకపోతే సాయంత్రం ఆదోనిలో రైలెక్కి చాంద్ బాషా మరమగ్గాల పనికి భివండీ పోవాలి. పక్కింటి హబీబుల్లా అలాగే పోయాడు. మూడేళ్లయింది. పెళ్లాం కుల్సుంబీకి జాబులే వస్తాయి, మనిషి రాలేదు.

మగ్గం నెత్తిన జకార్డు పెట్టె ఉంటుంది. అందులోని కొక్కేలు పోగుల్ని లేపుతాయి. ఎప్పుడు ఏది లేవాలో చిల్లులు పొడిచిన అట్టలు చెబుతాయి. మగ్గానికి జ్ఞాపకమంతా ఆ అట్టల్లోనే. వీళ్ల పాత అట్టలకు ఒక్క మల్లెమొగ్గే గుర్తుంది. అందుకే షరీఫా తనే ఆదోని పోయి చిలక అట్టలు పొడిపించుకొచ్చింది.

చాంద్ బాషా అట్టల కట్ట విప్పి, పెట్టె పక్కన తిరిగే కట్టెకు ఆనించాడు. అట్ట ఇంత వెడల్పున బయటికి పొడుచుకొచ్చింది.

"ఏందే ఇవి? ఎన్ని కొక్కేలని సెప్పినావు?"

"రెండునూర్ల నలభై."

"ఎవురు సెప్పినారు?"

షరీఫా మామ వైపు చూసింది. చాంద్ బాషా ముక్కాలిపీట ఎక్కి, వేలు పెట్టి కొక్కేలు లెక్కపెట్టాడు. పుట్టినప్పట్నుంచీ విన్న లెక్కే తప్ప తను ఎప్పుడూ లెక్కపెట్టింది లేదు; నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాడు.

"నూట ఇరవై."

షరీఫా అట్టల కట్ట మళ్లీ చుట్టసాగింది.

"మార్చుకొస్తా," అంది.

"ఆదోనిలో వేరేవి పొడిచేకి పది దినాలు పడుతుంది. సోమారానికి రెండు దినాలే." చాంద్ బాషా పీట దిగాడు. "నాయినా, నీ చిలకలు ఎగిరితే ఊరంతా నవ్వినాము. ఈ లెక్క గూడా కథేనా? నా సంసారం ఈడ, నేను ఆడ అయితే నీకు సంతోషమా?"

ముసలాయన గిన్నె కింద పెట్టాడు.

"మీయమ్మ కాలికడియాలు ఇచ్చి, పెద్ద జకార్డు పెట్టె తెమ్మన్యాది రా. నేను లెక్కపెట్టకుండా ఈ పాతది నెత్తికెత్తుకొచ్చినా. మోసపోయినానని ఆమెకు సెప్పలేకపోయినా. ఆమె ఊర్లో అందరికీ రెండునూర్ల నలభై అని సెప్పుకునేది. సచ్చిపోయేదాకా నమ్మింది. ఆమె పోయినాక గూడా మాట మార్చేకి నోరు రాలేదు."

ఆయన ఏడుస్తుంటే షరీఫాకు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మామా, నీకు అట్ట పొడిచేది వస్తుంది గదా?"

"వస్తాది. నూట ఇరవైలో రెండు చిలకలు పట్టవు. ఒక్కటి పడుతుంది. అరవై అట్టలు కావల్ల."

కొత్త అట్టల నిండా చిల్లులే. అవి పనికిరావు. ఇంట్లోని గాజుల పెట్టెలు, చెప్పుల డబ్బాలు, గోడమీది క్యాలెండరు వెనకట్ట కోతకొచ్చాయి. కుల్సుంబీ కూడా తన దగ్గరున్న డబ్బాలు తెచ్చిపెట్టింది. పాత అట్టను కొలతగా పెట్టుకుని ముసలాయన సుత్తితో చిల్లులు పొడిచాడు. షరీఫా ఒక్కో చిల్లూ గట్టిగా లెక్కపెట్టింది. ఆ రెండు రోజులూ ఆయన ఒక్క కథ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి నలభైమూడు అయ్యాయి. ఇంట్లో అట్ట అయిపోయింది. ముసలాయన చూపు గడప దగ్గరికి పోయి, సిగ్గుపడి వెనక్కొచ్చింది.

చాంద్ బాషా లేచాడు. అట్టపెట్టె తెరిచి బట్టలు చాప మీద పోశాడు. కత్తెర అందుకుని మూత మధ్యకు కోశాడు.

"ఇంక నేను యాడికీ పోయేకి పెట్టె లేదు. పొడువు నాయినా."

షరీఫా మోకాళ్లలో ముఖం దాచుకుని ఏడ్చింది.

సోమవారం సంఘం మనిషి అంచు వేలితో తడిమాడు. చిలక రెక్క కాస్త వంకర. అయినా చిలకే.

"బాగుందప్పా. ఎన్ని కొక్కేలు?"

గులాం మొహిద్దీన్ కోడలి వైపు చూశాడు.

"నూట ఇరవై. ఒక్కటి గూడా ఎక్కువ లేదు."

నూలు రాసిచ్చి ఆ మనిషి గడప దాటాడు. అప్పుడు షరీఫా చిలక మీద చెయ్యి పెట్టి అంది:

"మామా, ఇది యాడికీ ఎగిరిపోదు గదా?"